అబ్‌స్కాండ్: పారిపోవుటయా, దాగుటయా?

వార్తాపత్రికను తెరచినచో ‘నిందితుడు పరారి’ అను శీర్షిక కనబడని దినము అరుదు. ఆంగ్లపత్రికలో అదే వార్తను చదివినచో ‘అబ్‌స్కాండింగ్’ అను మాట కనబడును. నేను కళాశాలలో చెప్పునది తెలుగే యైనను, అనువాదమును గూర్చిన పాఠములో ఈ మాట ఏటేట ఎదురగుచునే యున్నది. దీనికి తెలుగేమని అడిగినచో విద్యార్థులు ఒక్క గొంతుతో ‘పారిపోవుట’ అందురు. అప్పుడు రెండవ ప్రశ్న వేయుదును: ‘ఇల్లు అంటుకొన్నది. లోపలివారు వీధిలోనికి పారిపోయిరి. వారు అబ్‌స్కాండ్ అయినట్లేనా?’ తరగతి నిశ్శబ్దమగును. కాదని అందరికిని తోచును. ఏల కాదో చెప్పుటకు మాట దొరకదు.

ఆ మాటను వెదకుటయే ఈ వ్యాసము పని. ఇది కేవలము నిఘంటువునకు సంబంధించిన విచారణ కాదు. ఒకప్పుడు ఈ క్రియాపదమును నేనే ఒక విద్యార్థి పేరు ప్రక్కన వ్రాసితిని. దాని బరువెంతయో ఆ పిల్లవాని తండ్రి నోట వినవలసి వచ్చినది. ఆ సంగతి చివర చెప్పెదను. ముందుగా పదము పుట్టుపూర్వోత్తరములు చూతము.

పదము పుట్టుక

లాటిను భాషలో ‘కొందెరె’ అను ధాతువు కలదు. ఒకచోట కూర్చి పెట్టుట, భద్రపరచుట అని దాని యర్థము. ‘దూరముగా’ అను అర్థమిచ్చు ‘అబ్స్’ అను ఉపసర్గ దాని ముందు చేరగా ‘అబ్స్‌కొందెరె’ అయినది. కంటబడకుండ తీసి పెట్టుట, అనగా దాచుట. ఇందులో కాలికి పని లేదు, పరుగు లేదు. ఆ తల్లిభాషనుండి పుట్టిన స్పానిషులో ‘ఎస్కొందేర్’ అనియు, ఇటాలియనులో ‘నస్కొందెరె’ అనియు నేటికిని ఈ ధాతువు నిలిచియున్నది. రెండు చోట్లను దాచుట యనియే యర్థము. ఇంగ్లీషులోనికి ఈ పదము 16వ శతాబ్దిలో ప్రవేశించినది. మొదట అక్కడ కూడ దాచుట యను అర్థము కొంతకాలము వాడుకలో నుండెను. పిమ్మట అది మాసిపోయి, ‘తన్ను తాను దాచుకొనుట, పట్టుబడకుండ తొలగిపోవుట’ అను అర్థము మాత్రమే మిగిలినది.

ఈ కుటుంబములోని మరి రెండు మాటలను చూచినచో మూలార్థము మనస్సునకు హత్తుకొనును. ‘రికండైట్’ అను విశేషణము ఒకటి. జనసామాన్యమునకు అందని నిగూఢమైన పాండిత్యమును అది చెప్పును. అనగా మరుగుననున్న విద్య. రెండవది ‘స్కాన్స్’, గోడకు అమర్చు దీపపు సెమ్మె. గాలి తగులకుండ చాటు కల్పించిన దీపము అను లాటిను మాటనుండి అది వచ్చినది. దాగిన చదువు, చాటుననున్న దీపము, దాగిన మనిషి, ఈ మువ్వురును ఒక ఇంటి పిల్లలే.

లాటిను బైబిలులో ఈ క్రియ వచ్చు రెండు ఘట్టములు దీని స్వభావమును చక్కగా తెలుపును. నిషిద్ధఫలమును తినిన ఆదాము దేవుని కంటబడక చెట్ల చాటున దాగినప్పుడు అక్కడ ప్రయోగింపబడినది ఈ ధాతువే. యజమాని యిచ్చిన ధనమును వ్యాపారములో పెట్టక నేలలో పాతిపెట్టిన సేవకుని కథలోను ఇదియే. ఒకచోట దాగినది మనిషి. మరియొకచోట దాగినది సొమ్ము. కాని రెండింట సామాన్యమైన అంశ మొకటి యున్నది. ఆదామునకును ఆ సేవకునకును కూడ ఒకరికి సమాధానము చెప్పవలసిన సమయము వచ్చినది. పత్రికలలోని ‘అబ్‌స్కాండింగ్’ అను మాట వెనుకనున్న నీడ యిదియే.

విరాటపర్వమునుండి మడుగు వరకు

ఈ భేదము విద్యార్థులకు బోధపడుటకు పరదేశపు కథలవరకు పోనక్కరలేదు. భారతములో మూడు ఘట్టములు చేతికందునట్లున్నవి.

మొదటిది ఉత్తరకుమారుని కథ. అంతఃపురములో ప్రగల్భములు పలికి బయలుదేరిన ఆ రాకుమారుడు కౌరవసేనను కంటితో చూచినంతనే రథమునుండి దుమికి పరుగెత్తెను. బృహన్నల వెంటబడి పట్టి తెచ్చెను. ఇది పట్టపగలు, అందరు చూచుచుండగా జరిగిన పలాయనము. పరుగున్నది, దాపరికము లేదు. ఇంగ్లీషులో దీనికి ‘ఫ్లీ’ అను మాట చాలును.

రెండవది ఆ పట్టి తెచ్చిన బృహన్నల కథ. అర్జునుడు విరాటుని కొలువులో ఒక యేడు తన్ను తాను మరుగుపరచుకొని యుండెను. దాపరికము సంపూర్ణముగా నున్నది. ఐనను అతడును అబ్‌స్కాండ్ అయినవాడు కాడు. ఏలయనగా దాగియుండుటయే ద్యూతములో ఒప్పుకొనిన షరతు. అతడు మాటను తప్పించుకొనుటకు దాగలేదు, మాటను నిలుపుకొనుటకు దాగెను.

మూడవది యుద్ధాంతమున దుర్యోధనుని కథ. సైన్యమంతయు నశించిన పిమ్మట అతడు గద చేతబట్టి ఒంటరిగా పోయి మడుగులో దాగెను. లెక్క తేల్చుకొనవలసిన శత్రువు గట్టుమీద వెదకుచున్నాడు. లెక్క చెప్పవలసినవాడు నీటి అడుగున నున్నాడు. తొలగిపోవుట, దాగుట, జవాబుదారిని తప్పించుకొనుట అను మూడును ఇక్కడ కూడినవి. ఇదియే మన క్రియాపదమునకు సరియైన ఉదాహరణము.

కాబట్టి తరగతిలో వేసిన ప్రశ్నకు సమాధానము దొరకినది. అగ్నిప్రమాదమునుండి పరుగెత్తినవారు ఎవరి కంటనుండియు దాగలేదు. ఎవరికిని ఋణపడి పోలేదు. వారు పారిపోయినవారే గాని అబ్‌స్కాండ్ అయినవారు కారు. పారిపోవుట కాళ్ళు చేయు పని. అబ్‌స్కాండ్ అగుట బాధ్యతకు చాటగుట.

చట్టము చెప్పిన అర్థము

ఈ మాటకు మన దేశములో ఇంత ప్రచారము కలుగుటకు కారణము న్యాయస్థానములు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 172వ సెక్షనులో, సమను తనకు అందకుండుటకై అబ్‌స్కాండ్ అగువానికి శిక్ష చెప్పబడినది. ఆ స్మృతి స్థానమున 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 206వ సెక్షను అయినది.

శిక్షాస్మృతిలోని ఆ మాటను గూర్చి 1880ల ప్రాంతముననే మద్రాసు హైకోర్టులో చర్చ వచ్చినది. మన తెలుగు జిల్లాలు అనేకము అప్పుడు ఆ న్యాయస్థానము పరిధిలోనివే. ఒకడు తానున్న చోటును విడిచిపోయిననే అబ్‌స్కాండ్ అయినట్లా, లేక ఇంటిలోనే దాగియున్నను అయినట్లా అనునది ప్రశ్న. దాగుటయే పదము యొక్క వ్యుత్పత్త్యర్థమనియు, స్థలము మారుట ముఖ్యము కాదనియు న్యాయమూర్తులు తేల్చిరి. పరుగెత్తకుండ, గడప దాటకుండ, అటకమీద కూర్చుండి కూడ మనుష్యుడు అబ్‌స్కాండ్ కావచ్చును! లాటిను ధాతువులోని అర్థము నశింపక, శతాబ్దముల తరువాత చెన్నపట్టణపు న్యాయపీఠము ఎదుట సాక్ష్యము చెప్పినదన్నమాట.

అప్పులవారి విషయములోను ఇట్టిదే కలదు. మన ఊళ్ళలో దివాలా తీసినవానిని ‘ఐ.పి. పెట్టినాడు’ అందురు. ఆ రెండక్షరములు ఇన్‌సాల్వెన్సీ పిటిషను అను మాటకు కుదింపు. దివాలాకు గుర్తులుగా 1920 నాటి చట్టము లెక్కించిన చేష్టలలో, ఋణదాతలను మోసగించు తలంపుతో ఇల్లు విడిచి పోవుట యొకటి. వారికి అందుబాటు లేకుండ ఏకాంతమున దాగుట మరియొకటి. రెండును సమానముగానే ఎంచబడినవి.

మరియొక నిబంధన ఉపాధ్యాయులు ప్రత్యేకముగా గమనింపదగినది. వారంటు జారీయైన మనుష్యుడు అబ్‌స్కాండ్ అయినాడని న్యాయస్థానము నమ్మినప్పుడు ఒక ప్రకటన వెలువరింపవచ్చును. ఫలాని చోట, ఫలాని వేళకు హాజరు కావలెనని, 30 దినములకు తక్కువ కాని గడువిచ్చి ఆ ప్రకటన చాటింతురు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో ఇది 82వ సెక్షను. నేటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 84వ సెక్షను. ఆ ప్రకటనను ఆ మనుష్యుడు నివసించు ఊరిలో నలుగురు మసలు చోట బహిరంగముగా చదువవలెను. అతని యింటికి అంటింపవలెను. అనగా ఈ మాట ఒకని పేరు ప్రక్కన చేరినచో అది ఆ మనుష్యునితో ఆగదు. ఊరంతయు వినును, ఇంటి గోడ కూడ చదువును.

ఇంత బరువైన మాట గనుకనే న్యాయస్థానములు దీనిని తూచి వాడినవి. 1971లో ఒక హత్యకేసు తీర్పునందు సుప్రీంకోర్టు, కనబడకుండ పోయినంత మాత్రమున దోషి యని నిశ్చయింపరాదని చెప్పెను. తనమీద అన్యాయముగా అనుమానము కలిగినప్పుడు నిర్దోషి కూడ భయపడి తొలగిపోవచ్చును; అది ప్రాణి సహజమైన ఆత్మరక్షణబుద్ధి. న్యాయమూర్తులు ఇంత జాగ్రత్తపడిన చోట, మనము హాజరుపట్టికలలోను ఉత్తరములలోను ఈ మాటను చిల్లరవలె వెదజల్లుచున్నాము.

దాయాదుల మాటలు

హఠాత్తుగా తొలగిపోవుటను చెప్పు ఇంగ్లీషు క్రియలు ఇంకను పెక్కు కలవు. ప్రతిదానిలోను ఒక చిన్న బొమ్మ దాగియున్నది.

‘డీక్యాంప్’ అనునది సైనికుల మాట. గుడారములు పీకి, దండు తరలిపోవుట దాని మొదటి యర్థము. ఫ్రెంచినుండి 17వ శతాబ్దిలో ఇంగ్లీషునకు వచ్చినది. తెల్లవారి చూచువరకు మైదానము ఖాళీగా కనబడుటను బట్టి, గుట్టుచప్పుడు కాకుండ వెడలిపోవుట అను అర్థము స్థిరపడెను. మన దేశపు ఆంగ్లపత్రికలలో దొంగలు నగలతో ఎప్పుడును ‘డీక్యాంప్’ అగుచుందురు. దీనికి తెలుగువారు ముందే సిద్ధము చేసికొనిన మాట కలదు: ‘మకాము ఎత్తివేయుట’. అక్కడ గుడారము, ఇక్కడ మకాము, బొమ్మ ఒక్కటే.

‘ఎస్కేప్’ అను మాటలో వెనుకటి లాటిను వాడుక యొకటి యున్నది. పట్టుకొనవచ్చినవాని చేతిలో పై అంగీని విడిచి తాను జారుకొనుట. మన ఊహలో చెప్పవలెనన్నచో ఉత్తరీయము వాని చేత, మనిషి వీధి మలుపున. ‘బోల్ట్’ అనగా పూర్వము విల్లునుండి వెడలు ములికి. కట్టు తెంపుకొనిన గుఱ్ఱమునకు ఆ మాటను వాడుదురు. ‘వమూస్’ అను అమెరికా వాడుక మాట ‘పోదము రండు’ అను స్పానిషు మాటకు వికారము. ‘స్కెడాడిల్’ అనునది 1861లో ఆరంభమైన అమెరికా అంతర్యుద్ధకాలమున సైనికుల నోట వ్యాప్తి చెందిన పరిహాసపు మాట. ఈ రెండును నవ్వులాటకే గాని గంభీరమైన వ్రాతకు తగవు.

‘ఎలోప్’ అను క్రియ ఒకప్పుడు భర్తను విడిచిపోయిన స్త్రీని గూర్చి చట్టములో వాడబడెను. ఇప్పుడు పెద్దలకు తెలియకుండ పెండ్లాడబోవు జంటకు వర్తించుచున్నది. మన ‘లేచిపోవుట’ దీనికి సరిపోవును గాని, తెలుగుమాటలో నింద పాలు ఎక్కువ. రుక్మిణి తానే బ్రాహ్మణునిచే కబురంపి కృష్ణుని రప్పించుకొన్నను, ఆ ఘట్టమును రుక్మిణీహరణమని పిలుచుట కూడ కలదు. ఆమె సంకల్పము కథలో నున్నది, పేరులో లేదు. పేరు పెట్టువారు ఏ వైపున నిలిచి చూచుచున్నారో క్రియాపదము చెప్పివేయును.

ఇక ‘ఫ్యుజిటివ్’. పారుట అను అర్థముగల లాటిను ధాతువునుండి వచ్చినది. 2018లో పార్లమెంటు చేసిన చట్టము, 100 కోట్ల రూపాయలు లేక అంతకు మించిన ఆర్థికనేరములో వారంటును తప్పించుకొనుటకై దేశము విడిచినవానిని ఈ మాటతో పేర్కొన్నది. అక్కడ సరిహద్దు దాటుట ముఖ్యము గనుక పారుట అను ధాతువే తగినది. తెలుగు పత్రికలు మాత్రము అతనిని, అటకపైన దాగినవానిని, సంతలో గొలుసు తెంచి పరుగెత్తినవానిని కూడ ‘పరారి’ అను ఒక్క మాటతోనే సరిపెట్టుచున్నవి.

మన పదకోశము

తెలుగులో మాటలు లేక యిట్లు జరుగుచున్నదా? లేదు. మన పదకోశము చాల సంపన్నమైనది.

‘పారిపోవు’ అచ్చతెలుగు. ఏటి నీరు పారును, మనిషియు పారును. ‘పలాయనము’ సంస్కృతము. ‘పరా’ అను ఉపసర్గలోని రేఫము లకారముగా మారగా ఏర్పడినది. హాస్యమునకు ‘పలాయనము చిత్తగించినాడు’ అందుము. రాజులకు వాడవలసిన గౌరవక్రియను పిరికివానికి తగిలించుటలోనే ఆ చమత్కారము. ‘పరారి’ అరబ్బీ పారసీకములనుండి ఉర్దూ మీదుగా వచ్చినది. మనకు లేని ఫకారధ్వని పకారమైనది. ‘ఉడాయించు’ హిందూస్థానీనుండి వచ్చినది. ఎగురవేయుట దాని మూలార్థము. ‘పత్తా లేకుండ పోవుట’ యందు చిరునామా యే మాయమైనది.

‘కాలికి బుద్ధి చెప్పుట’ అను నుడికారమునకు సాటియైనది నాకు తెలిసిన ఇంగ్లీషులో లేదు. తలకు బుద్ధి చెప్పవలసిన సమయమున కాలికి చెప్పినాడట! ‘జారుకొనుట’ లో చప్పుడు లేదు. ‘తోక ముడుచుట’ లో ఓటమి యున్నది. ‘వెన్నిచ్చుట’ లో యుద్ధభూమి యున్నది. చీటీల సంస్థలు మూతపడి జనుల సొమ్ము మునిగిన కాలములలో పుట్టిన మాటలు రెండు: ‘బోర్డు తిప్పివేయుట’, ‘బిచాణా ఎత్తివేయుట’. వీనిని ఏ పండితుడును కల్పింపలేదు. ఉదయమున కార్యాలయమునకు పోయి తాళమును చూచి నిలుచున్న జనులు కల్పించిరి. దాగుట, సొమ్ము, ఋణము మూడును ఇమిడియున్నవి గనుక ‘అబ్‌స్కాండ్’ అను క్రియకు అత్యంత సమీపమైన తెలుగు, నా యభిప్రాయమున, ఈ వీధి మాటలలోనే యున్నది. చట్టపరమైన వ్రాతలో ‘తప్పించుకొని దాగియున్నాడు’ అని రెండు క్రియలతో చెప్పుట మేలు. ఒక్క మాటకు ఒక్క మాటయే ఈయవలెనను నియమము అనువాదమున లేదు.

ప్రయోగమున జాగ్రత్తలు

విద్యార్థులు ఇంగ్లీషు వ్రాయునప్పుడు ఈ పదము విషయమున చేయు పొరపాట్లు కొన్ని కలవు. ఇది నేటి వాడుకలో అకర్మకక్రియ. ‘అబ్‌స్కాండెడ్ ది హాస్టల్’ అనరాదు, ‘అబ్‌స్కాండెడ్ ఫ్రమ్ ది హాస్టల్’ అనవలెను. కర్మయే లేదు గనుక కర్మణిప్రయోగము లేదు. ‘వాజ్ అబ్‌స్కాండెడ్’ అనుట తప్పు. సొమ్ముతో పోయినచో ‘విత్’ చేరును. ‘సోమవారమునుండి’ అని కాలము చెప్పునప్పుడు ‘ఈజ్ అబ్‌స్కాండింగ్ సిన్స్’ అనుట మన దేశమున విరివిగా వినవచ్చును. ‘హాజ్ బీన్ అబ్‌స్కాండింగ్ సిన్స్’ అనునది సాధువు. ఉచ్చారణమున ఊనిక రెండవ అక్షరము మీద పడును.

వ్యాకరణముకంటె ముఖ్యమైన జాగ్రత్త మరియొకటి. చదువు ముగించి ఉద్యోగములకు పోవు విద్యార్థులకు ఈ మాట మరల ఎదురగును. ముందుగా తెలుపకుండ పనికి రాకుండుటను నేడు అనేక సంస్థలు ఉత్తరములలో ‘అబ్‌స్కాండింగ్’ అని వ్రాయుచున్నవి. చెప్పకుండ మానుట క్రమశిక్షణకు భంగమే. కాని దానికి ‘అనుమతి లేని గైరుహాజరు’ అను మాట కలదు. గైరుహాజరు కంటితో చూచిన విషయము. అబ్‌స్కాండ్ అగుట మనస్సులోని ఉద్దేశమును గూర్చిన తీర్పు. చూచినదానిని వ్రాయుటకు గుమాస్తా చాలును. తీర్పు వ్రాయుటకు విచారణ కావలెను.

ఒక ఉత్తరము కథ

ఈ భేదము నాకు పుస్తకములవలన తెలియలేదు. సుమారు ఇరువది యేండ్ల క్రిందట నేను ఒక కళాశాల వసతిగృహమునకు ఉపపర్యవేక్షకుడుగా నుంటిని. డిగ్రీ రెండవ సంవత్సరము చదువు పిల్లవాడొకడు ఒక గురువారము రాత్రినుండి కనబడలేదు. తోటివారిని అడిగితిని, ఎవరికిని తెలియదు. శనివారము ఉదయము హాజరుపట్టికలో వాని పేరు ప్రక్కన ‘అబ్‌స్కాండింగ్’ అని వ్రాసితిని. కార్యాలయపు అలవాటు చొప్పున ఇంగ్లీషు నమూనాలో వాని తండ్రికి ఉత్తరము పంపితిని. ఆ క్షణమున ఆ మాటను గూర్చి నేను ఆలోచించియే యుండలేదు. అంతకు ముందటి పుటలలో అది నాలుగైదు పేర్ల ప్రక్కన ఉన్నది, చూచి వ్రాసితిని.

సోమవారము సాయంకాలమున పిల్లవాడు తిరిగి వచ్చెను. భుజముల చర్మము ఎఱ్ఱగా కమిలియున్నది, కన్నులు మండుచున్నవి. గుంటూరు మిరపయార్డులో నాలుగు దినములు బస్తాలు మోసి, పరీక్షరుసుము సంపాదించుకొని వచ్చినాడు. చెల్లింపునకు గడువు మరునాటితో తీరును. ఆ ఏడు పంట పోయిన తండ్రిని అడుగలేక, నన్ను అడిగినచో అనుమతి రాదేమో యను భయముతో చెప్పకుండ పోయినాడు. మందలించితిని, రుసుము కట్టించితిని. అంతటితో సంగతి ముగిసినదనుకొంటిని. ఉత్తరము సంగతి మరచితిని.

బుధవారమున ఆ తండ్రి వచ్చినాడు. కౌలురైతు. తలగుడ్డ తీసి చేత పట్టుకొని, నా ఉత్తరమును మడత విప్పకుండ బల్లమీద పెట్టినాడు. ఆయన నన్ను అడిగిన మొదటి మాట, ‘మావోడు ఏం దొంగతనం చేశాడండీ?’

ఏమియు లేదంటిని. ‘మరి ఈ మాటేందండీ? మాస్టారు పుస్తకం తీసి చూసి చెప్పారు, పోలీసోళ్ళు వెతికేవాళ్ళకి వాడే మాటంట. రచ్చబండ కాడ చదివించుకున్నానండీ. పదిమందీ విన్నారు.’

చట్టములోని ప్రకటనను గూర్చి పైన వ్రాసితిని గదా. ఊరిలో నలుగురు మసలు చోట బహిరంగముగా చదువుట. న్యాయస్థానము లేదు, వారంటు లేదు, నేరము లేదు. నా ఉత్తరము మాత్రము ఆ ప్రకటన చేయు పని యంతయు చేసివేసినది. ఆ పిల్లవాడు బాధ్యతకు చాటైనవాడు కాడు. దానిని తీర్చుటకై బస్తా క్రింద భుజము పెట్టినవాడు. నేను వ్రాసిన మాటకు సరిగా వ్యతిరేకమైన పని చేసినవాడు.

‘మీవాడు తప్పు చెయ్యలేదండీ. ఆ మాట రాయడం నా తప్పు’ అంటిని.

ఆయన కోపపడలేదు. ‘ఆ ముక్కే కాయితం మీద రాసివ్వండి. అదే మాస్టారు చేత అక్కడే చదివించుకుంటాను’ అన్నాడు.

కాగితము తీసికొని కూర్చుంటిని. ఏ భాషలో వ్రాయవలెనని సందేహము కలుగలేదు. ఏ మాట వ్రాయవలెననునదియే ప్రశ్న. ‘పరారి’ కాదు, ‘పారిపోవుట’ కాదు, ‘పలాయనము’ కాదు. తెలుగువారు ఇల్లు విడుచునప్పుడు ‘పోవుచున్నాను’ అనరు, ‘వెళ్ళివస్తాను’ అందురు. పోవుటలోనే వచ్చుట ఇమిడియున్న వీడ్కోలు అది. ఆ మాట చెప్పకుండ పోయినవానిని గూర్చి ‘చెప్పాపెట్టకుండా పోయినాడు’ అందుము. అందులో మందలింపున్నది గాని నేరారోపణ లేదు. ఎదురు చూచు మనుష్యుని నొప్పి యున్నది గాని, వెంటబడు భటుని కేక లేదు. నాకు కావలసిన మాట అదియే. అది నేను పుట్టిననాటినుండి మా యింట వినబడుచున్నదే.

‘మీ కుమారుడు చెప్పకుండ వెళ్ళినాడు. పరీక్షరుసుము కొరకు కష్టపడి పని చేసి తిరిగి వచ్చినాడు. వెనుకటి ఉత్తరములో అతనిని గూర్చి నేను వ్రాసిన మాట పొరపాటు’ అని వ్రాసి సంతకము చేసితిని. ఆ మూడు వాక్యములకు నాకు నిఘంటువు అక్కరలేకపోయినది.

ఆయన దానిని రెండు మారులు చదివించుకొని విని, మడచి తలగుడ్డ చెంగున కట్టుకొన్నాడు. ఆయన వెడలిపోయిన పిమ్మట హాజరుపట్టికలోని మాటను కొట్టివేసి, పైన ‘అనుమతి లేక గైరుహాజరు, నాలుగు దినములు’ అని వ్రాసితిని. ఇంగ్లీషు పాఠములో ఈ క్రియ వచ్చినప్పుడు ఉపాధ్యాయ మిత్రులు దాని యర్థముతోపాటు దాని బరువును కూడ చెప్పుదురు గాక. పట్టిక వ్రాయవలసి వచ్చినప్పుడు, ఆ కాగితము ఏ రచ్చబండ దగ్గర చదువబడునో యని ఒక్క క్షణము కలమును ఆపుదురు గాక.